ముల్లున్న మిక్సరు

తాటిపాక,
ఫిబ్రవరి, 1984.

అన్నయ్యకు,

సువర్ణ వందనాలతో రాసుకునేది. దేవుని కృప వలన ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. కువైట్‌లో చలి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను.

మీ బావగారు రాయమంటే ఈ ఉత్తరం రాస్తున్నాను. మన మైకు సెట్టు సంగతి నీకు తెలుసు. ఆ ఆంప్లిఫయరు మా పెళ్ళికి ముందు కొన్నది. దానికి తిప్పే మీట ఒకటే. పాట వెయ్యాలంటే మైకు ఆపాలి, మైకు కావాలంటే పాట ఆపాలి. మధ్యలో టప్పుమని ఒక చప్పుడు. రాజోలులో మైకు సెట్టు నడిపే వీరవెంకటరమణ కొత్తగా మిక్సరు తెచ్చాడు. రెండు టేపులు పెట్టుకుని ఒక పాట వెళ్ళిపోతుండగానే ఇంకో పాటను కలిపేస్తాడు. పాటల మధ్య సందే ఉండదు.

మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు బాబాయి మా ఎదురుగానే మీ బావగారి పేరెత్తి అన్నాడు, "దానం మైకు పెడితే సుఖవండి. పాటకీ పాటకీ మధ్యన వెళ్ళి టీ తాగొచ్చెయ్యొచ్చు" అని. అందరూ నవ్వారు. మీ బావగారూ నవ్వారు.

ఈ వేసవి పెళ్ళిళ్ళు చాలామటుకు రాజోలు వెళ్ళిపోయాయి. మిక్సరు ఉంటే మళ్ళీ మన దగ్గరకు వస్తారని ఈయన ఆశ. ఈయనకు మైకు తప్ప వేరే పని మీద మనసు పోదు. అక్కడ జపాను సామాన్లు దొరుకుతాయి కదా, మంచిది ఒకటి చూడమన్నారు. ఎకో ఉన్నది కావాలట. మైకులో ‘హలో’ అంటే ‘లో, లో, లో’ అని గోదావరి అవతలి ఒడ్డు దాకా పోవాలట. మన ఆంప్లిఫయరుకే తగిలించుకునేలా ఉంటే చాలునన్నారు.

ఇక్కడి నుంచి నా మాట. ఎకో లేకపోయినా ఫరవాలేదు. చప్పుడు ఎంత వెళుతోందో చూపించే ముల్లు కొన్నింటికి ఉంటుంది, గడియారం ముల్లులాంటిది. అదున్నదే చూడు.

నీ చెల్లెలు,
సువర్ణ


కువైట్,
మార్చి, 1984.

చెల్లి సువర్ణకు,

సత్యానందం దీవెనలు. నీ ఉత్తరం అందింది. అయిదో తరగతితో బడి మానేసినదానివి మిక్సర్ల గురించి నాకు పాఠం చెబుతావా అని నవ్వుకున్నాను. మా యజమాని పిల్లల్ని బడిలో దింపి వచ్చే దారిలో సామాన్ల బజారు ఉంది. కారు నీడలో పెట్టి మొత్తం చూసి వచ్చాను. ఆ కొట్టువాడు మలయాళీ. కొనేవాడినో కాదో తేల్చుకోకుండానే టీ ఇచ్చాడు.

బావకు చెప్పు. మిక్సర్లు మూడు రకాలున్నాయి. ఒకటి చిన్నది, నాలుగు మీటలు, పెన్సిలు పెట్టెలా ఉంటుంది. అది మనకు వద్దు. రెండోది ఎకో ఉన్నది. రెండు మైకులు, రెండు టేపులు, ఒక రికార్డు ప్లేయరు తగిలించుకోవచ్చు. మధ్యలో అడ్డంగా జరిపే మీట ఉంటుంది. ఎడమకు తోస్తే ఒక పాట, కుడికి తోస్తే రెండో పాట, మధ్యలో ఉంచితే రెండూ. పైన ఎర్రవి, పచ్చవి లైట్లు పాటతో పాటు గెంతుతుంటాయి. క్రిస్మస్ చెట్టే అనుకో. కొట్టువాడు మైకు చేతికిస్తే ‘తాటిపాకా’ అన్నాను. కా, కా, కా అంటూ కొట్టంతా తిరిగింది. అరబ్బులు వెనక్కి తిరిగి చూశారు.

మూడోది నువ్వు చెప్పిన ముల్లుది. అడ్డం మీట దీనికీ ఉంది, పైన రెండు ముళ్ళు ఉన్నాయి. బరువు. ఎకో లేదు. పాత మోడలు, ఇప్పుడెవరూ అడగటం లేదని కొట్టువాడే అన్నాడు. కనుక రెండోది తీసుకుంటున్నాను. బావ సంతోషిస్తాడు.

నీ ఒంట్లో ఎలా ఉంది? నెలలు నిండేది ఎప్పటికో రాయలేదు.

నీ అన్న,
సత్యానందం


తాటిపాక,
మార్చి, 1984.

అన్నయ్యకు,

నీ ఉత్తరం మీ బావగారు తనే చదువుకున్నారు. నేను చదివి వినిపిస్తానన్నా ఇమ్మని చెయ్యి చాపారు. ‘కా, కా, కా’ దగ్గర నవ్వి అత్తయ్యగారికి కూడా చూపించారు. ఆవిడకు చదువు రాదు కదా, కాగితం అటూ ఇటూ తిప్పి, "కాకుల గురించి రాసేడేటి మీ అన్నయ్య" అని అడిగారు.

రెండోది తీసుకోకు అన్నయ్యా. లైట్లు పగలు కనబడవు. మన పెళ్ళిళ్ళు ఎండలోనే కదా. తాటాకు పందిరి సందుల్లోంచి పడే వెలుగుకు ఆ చిన్న లైట్లు వెలిగాయో ఆరాయో తెలియదు. ముల్లయితే ఎండలోనూ కనబడుతుంది. రాజోలు అతను పెట్టెకు గొడుగు పట్టుకుని లైట్లు చూసుకోవడం నేను చూశాను.

పాతదైనా సరే, బరువైనా సరే. ఎందుకని అడగకు. నాకు కాన్పు శ్రావణ మాసం దాటాక అంటున్నారు. ఆ లోపల వస్తే మంచిది.

సువర్ణ


కువైట్,
ఏప్రిల్, 1984.

సువర్ణకు,

కవరులో రెండు కాగితాలు పెట్టాను. పెద్దది బావకు. ఇది నీకు మాత్రమే.

బావ ఎకో అంటాడు. నువ్వు ముల్లంటావు. మైకు పనిచేసేది ఆయనా, నువ్వా? నా స్నేహితులందరూ ఎకోదే తీసుకోమంటున్నారు. పాత సెట్టు వదిలి కొత్తది కొనుక్కునేటప్పుడు ఇంకో పాతది తెచ్చుకుంటామా?

ఇంకొక మాట. మన పక్క ఊరు నగరం సాలమోను సెలవు నుంచి ఇక్కడికి తిరిగి వచ్చాడు. బావ మైకు పెట్టిన ప్రతి పెళ్ళికీ నువ్వు వెళుతున్నావట. పిలిచినా పిలవకపోయినా ఆడవాళ్ళ చాపల మీద ముందు వరసలో కూర్చుంటున్నావట. "మైకుతో పాటు పెళ్ళాన్ని కూడా అద్దెకిస్తున్నాడు" అని ఎవరో అన్నారట. ఇంటికి చుట్టాలొస్తే తలుపు చాటున నిలబడే పిల్లవి నువ్వు. ఏమైంది నీకు? బావ మీద అనుమానమా? ఉన్నది ఉన్నట్టు రాయి. రాసేవరకు నేను ఏదీ కొనను.

సత్యానందం


తాటిపాక,
మే, 1984.

అన్నయ్యకు,

నువ్వు అనుకున్నది కాదు. ఆయన మీద అనుమానపడితే నా నోరు పడిపోతుంది.

ఆయనకు వినబడటం లేదు.

ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. మా పెళ్ళయిన కొత్తలో చెవిలో జోరీగ తిరుగుతున్నట్టుందని అనేవారు. చిన్నప్పటి నుంచీ మైకు హారన్ల కిందే పడుకున్న మనిషి. తరవాత నేను వంటింట్లోంచి పిలిస్తే పలికేవారు కాదు. నా మీద కోపమేమో అనుకుని చాలాసార్లు ఏడ్చాను. ఇప్పుడు ఎదురుగా నిలబడి గట్టిగా అంటే కొంచెం తెలుస్తుంది. లేకపోతే పెదవులు చూసి, "ఆయ్, అలాగేనండి" అనేస్తారు. అందరితోనూ ఆ మాటే. ఎంత మర్యాదస్తుడో అనుకుంటారు.

నీకు టీ సంగతి రాశాను కదా. ఆ మాట ఆయనకు వినబడలేదు. అందరూ నవ్వారని తనూ నవ్వారు.

అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులని చెప్పి అమలాపురం తీసుకెళ్ళి, తోడుగా ఈయన చెవులు కూడా చూపించాను. నరం పోయింది, చెవికి పెట్టుకునే మిషను పెట్టినా గోలే తప్ప మాట తెలియదన్నారు. ఆ డాక్టరు గారి పెదవులు ఈయన ఎంత చదువుకున్నారో తెలియదు. ఇంటికొచ్చి, "చెవిలో గుబిలంట" అన్నారు. నేను ఔనన్నాను. అంతే. మేమిద్దరం ఆ మాట ఇప్పటి వరకు అనుకోలేదు.

పెళ్ళిళ్ళకు నేను వెళ్ళడం ఇలా మొదలైంది. ఒకసారి లక్కవరంలో చుట్టాల పెళ్ళిలో పాట మరీ గట్టిగా వచ్చి చెవుల మీద పమిట కప్పుకున్నాను. ఆయన నావైపు చూసి వెంటనే తగ్గించారు. పమిట తీశాను, ఊరుకున్నారు. అప్పటినుంచి ఆ లెక్కనే నడుస్తోంది. గట్టిగా ఉంటే పమిట నెత్తి మీదకు. చాలకపోతే గాజులు వెనక్కి తోసుకుంటాను. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. కానీ పెట్టె పెట్టుకునే ముందు ఆడవాళ్ళ చాపలు ఎటు వేశారో చూసుకుని ఎదురుగా కూర్చుంటారు. సత్యవేణి అని మా వీధి పిల్ల, "ఏవే సువర్ణా, పమిట ఊరికే తీస్తావు, వేస్తావు, ఉక్కపోతా?" అని అందరిలో అడిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు కడుపు పెరుగుతోంది. అత్తయ్యగారు గడప దాటనివ్వడం లేదు. నేను పోలేని రోజున ఆయనకు ఎవరు చెబుతారు? ఆ పని ముల్లు చేస్తుంది. అందుకే ముల్లు. ఈ మైకు పోతే ఆయన చెవిటివాడని ఊరంతటికీ తెలుస్తుంది అన్నయ్యా. ఇప్పటికి దానం మైక్ సర్వీసుగా బతుకుతున్నారు.

ఆయనకు రాసే కాగితంలో చెవి సంగతి ఎత్తకు. నీ కాళ్ళకు దణ్ణం పెడతాను.

సువర్ణ


కువైట్,
జూన్, 1984.

చెల్లీ,

ముల్లుదే కొన్నాను. కొట్టువాడితో ఎండలోకి తెప్పించి చూశాను. బాగా కనబడుతోంది. ఎకో మిషన్లు ఇసుక గాలికి త్వరగా పాడవుతాయని బావకు రాసే కాగితంలో ఒక అబద్ధం రాశాను. కోనసీమలో ఇసుక గాలి ఎక్కడిదని బావ అడిగితే ఏదో ఒకటి చెప్పు.

సాలమోను తమ్ముడి పెళ్ళికి మళ్ళీ వస్తున్నాడు, అతనితో పంపుతున్నాను. రావులపాలెంలో దిగి టాక్సీ చేసుకుంటాడు. బావని అక్కడికి రమ్మను.

నీకు ఏం రాయాలో నాకు తెలియలేదు. రెండు కాగితాలు చించేశాను.

సత్యానందం


తాటిపాక,
ఆగస్టు, 1984.

అన్నయ్యకు,

మిక్సరు క్షేమంగా వచ్చింది. మీ బావగారు రావులపాలెం నుంచి దాన్ని ఒళ్ళో పెట్టుకునే వచ్చారట. అరటి గెలల లారీలు అడ్డం వచ్చినప్పుడల్లా డ్రైవరుతో "నెమ్మదండి, నెమ్మది" అన్నారట. దానికి టేకు పెట్టె చేయించి మూత మీద పేరు రాయించారు. ఎకో లేదని ఒక పూట ముఖం చిన్నబుచ్చుకున్నారు. ముళ్ళు కదలడం చూశాక మరిచిపోయారు.

ముల్లు ఎందుకో ఆయనకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు ఆలోచించాను. చివరకు, "ముల్లు ఎర్ర గీత దాటితే మిషను కాలిపోతుందని అన్నయ్య చెప్పి పంపాడండి. గీత లోపల ఎంత నిలకడగా ఉంటే అంత మంచిదట" అని గట్టిగా చెప్పాను. నా ముఖం చాలాసేపు చూసి, "ఆయ్, అలాగే" అన్నారు. మైకు పట్టుకుని నన్ను మాట్లాడమన్నారు. నాకు సిగ్గేసి ఒకటి, రెండు, మూడు అన్నాను. ముల్లు లేచి పడింది. "నువ్వు మాట్లాడితే ముల్లు సగానికి కూడా రావట్లేదు, నీ గొంతు ఇంతేనా" అని నవ్వారు. నా గొంతు ఆయన చూసినట్టయింది అన్నయ్యా.

సాలమోను తమ్ముడి పెళ్ళికి ఆయన ఒక్కరే వెళ్ళారు. ఇంటి దగ్గర నా ప్రాణం నాలో లేదు. వచ్చి, "అడ్డం మీట జరిపితే జనం చప్పట్లు కొట్టేరు" అన్నారు. తరవాత ఇంకో పెళ్ళి కూడా బాగానే అయింది. చర్చి కూటాలకు మన మైకే పెట్టమని పాస్టరుగారు చెప్పి పంపారు. నీ మేలు ఎలా తీర్చుకోవాలో తెలియదు.

సువర్ణ


తాటిపాక,
సెప్టెంబరు, 1984.

అన్నయ్యకు,

పాప పుట్టింది. ఇద్దరం బాగానే ఉన్నాం. మూడో వారమే ఉత్తరం రాస్తున్నానని అత్తయ్యగారు కోప్పడుతున్నారు. ఇంకొకరు చెప్పగా నీకు తెలియకూడదని రాస్తున్నాను.

పాప పుట్టడానికి ముందు చర్చిలో సువార్త కూటాలు జరిగాయి. హారన్లు మా ఇంటి వైపు కొబ్బరి చెట్టుకు కట్టారు కనుక అంతా నాకు వినబడుతోంది. మొదట పాటలు, తరవాత సాక్ష్యాలు. బాగా ఉంది. అప్పుడు కొత్త ప్రసంగీకుడు లేచాడు. ఆయనకు ఒకచోట నిలబడి చెప్పే అలవాటు లేదట. మైకు చేత్తో పట్టుకుని జనంలోకి దిగి, నడుస్తూ నడుస్తూ హారను కిందకు వచ్చాడు. మైకు కూత మొదలైంది. నీకు తెలుసు కదా, కూ అని సన్నగా లేచి చెవిలో మేకు దిగినట్టు ఉంటుంది. ఎవరైనా వెంటనే మీట తగ్గిస్తారు. తగ్గలేదు. అత్తయ్యగారు, "ఏటా కూత? వీడు నిద్రోయేడా ఏటి?" అన్నారు.

నేను బయలుదేరాను. ఆ నెలల్లో ఎంత గబగబా నడవగలను. చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి జనమంతా చెవులు మూసుకుని తలలు వంచుకుని ఉన్నారు. ప్రసంగీకుడు మైకు ఒక చేత్తో పట్టుకునే రెండో చెయ్యి పైకెత్తి ఆపమని అరుస్తున్నాడు. ఈయన పెట్టె వెనక నిలబడి ఉన్నారు. ముల్లు గీతకు లోపలే ఉందని దగ్గరకు వెళ్ళాక చూశాను. మాటకయితే అది లేచి పడుతుంది కదా, కూతకు కర్ర పాతినట్టు నిలబడిపోయింది. నిలకడగా ఉంటే మంచిదని నేనే చెప్పాను. తలలు వంచుకున్న జనాన్ని, చెయ్యెత్తిన ప్రసంగీకుణ్ణి చూసి ప్రార్థన మొదలైందనుకున్నారు. తనూ కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, తల వంచుకున్నారు.

ఆడవాళ్ళ చాపలు దాటి నేను ఎప్పుడూ ముందుకు వెళ్ళలేదు. మగవాళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళి మీట తిప్పేశాను. కూత ఆగిపోయింది. నా చెయ్యి తగిలి ఆయన కళ్ళు తెరిచారు. జనం తలలెత్తుతున్నారు. ప్రార్థన అయిపోయిందనుకుని, "ఆమెన్" అన్నారు. తన గొంతు తనకు తెలియదు కదా, చాలా పెద్దగా అన్నారు.

వెనక ఎవరో కుర్రాళ్ళు నవ్వి ఆపేశారు. తరవాత ఎవరూ నవ్వలేదు. ఆయన అందరి ముఖాలూ చూశారు, ఆ తరవాత నా ముఖం చూశారు. చివర ముల్లును చూశారు. అది పడుకుని ఉంది. అప్పుడు తెలిసింది ఆయనకు.

వాళ్ళు తిడితే బాగుండేది. పాస్టరుగారు మరునాడు ఇంటికి వచ్చి నోరు పెద్దగా తెరిచి, చేతులు తిప్పుతూ, "దే-వు-డు చూ-సు-కుం-టా-డు దా-నం" అన్నారు. పాస్టరుగారి భార్య జ్ఞానమ్మ అమ్మగారు పళ్ళు పంపారు. అందరూ మంచిగానే ఉంటున్నారు.

సువర్ణ


కువైట్,
అక్టోబరు, 1984.

చెల్లీ,

పాప పుట్టిందని చదివి సంతోషించాలో, ఆ తరవాతిది చదివి ఏడవాలో తెలియలేదు. కారు పక్కన ఆపుకుని కూర్చుంటే యజమాని కొడుకు ఏమైందని అడిగాడు. తలనొప్పి అన్నాను.

మళ్ళీ కొట్టుకు వెళ్ళాను. కూత వస్తే తనంతట తానే ఆపేసే మిక్సరు ఏదైనా ఉందా అని అడిగాను. అలాంటివి పెద్ద పెద్ద హాళ్ళలో వాడతారట, మనవాళ్ళకు అందేవి కావట. ఉన్నా అది వినే మనిషి పక్కన ఉండాలి అన్నాడు. వాడికి మన సంగతి తెలియదు, మామూలుగానే అన్నాడు.

నువ్వు పక్కన కూర్చుంటే బావ చెయ్యలేడా? ఇప్పుడు దాచేది ఏముంది? పాపను ఒళ్ళో వేసుకుని కూర్చో. జనం ఏమనుకుంటే మనకేం? బావను అడిగి చూడు.

సత్యానందం


తాటిపాక,
జనవరి, 1985.

అన్నయ్యకు,

నువ్వు చెప్పినట్టే అడిగాను. పెట్టె దగ్గర కూర్చుని, నా చెవి చూపించి, మీట చూపించాను. నేను వింటాను, మీరు తిప్పండి అని. ఆయన నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఒళ్ళో పెట్టేసి, మూత వేసేశారు. అయినా ఎవరు పిలుస్తారు? క్రిస్మస్‌కు మన చర్చివాళ్ళే రాజోలు నుంచి పిలిపించారు. "ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకనిపించిందమ్మా" అన్నారు జ్ఞానమ్మ అమ్మగారు.

మిక్సరు, టేపులు, హారన్లు అన్నీ వీరవెంకటరమణ కొనుక్కుని తీసుకువెళ్ళాడు. నీకు చెప్పకుండా ఇచ్చేశాం, తప్పుగా అనుకోకు. అతను చెడ్డవాడు కాదు. "దానంగారండి, అప్పుడప్పుడూ వచ్చి చూస్తుండండి" అన్నాడు. ఈయన, "ఆయ్, అలాగేనండి" అన్నారు. అంబాజీపేట కొబ్బరి కాయల రాశుల దగ్గర కాయ వలిచే పనికి వెళుతున్నారు. అక్కడ ఒకరితో ఒకరికి మాట అవసరం లేదు. అరచేతులు చీరుకుపోయాయి. పాప ఏడుస్తోందో ఆవలిస్తోందో తెలియక నా వైపు చూస్తారు. నేను తల ఊపితే ఎత్తుకుంటారు.

నీకు ఏం రాయమంటారని పలక మీద రాసి అడిగాను. మిక్సరు బాగా పనిచేస్తోందని రాయమన్నారు. రాస్తున్నాను. అది బాగానే పనిచేస్తోంది.

నిన్న మా వీధి చివర సత్యవేణి పెళ్ళి. వీరవెంకటరమణ మన పెట్టెతోనే వచ్చాడు, మూత మీద పేరు ఇంకా చెరపలేదు. మన హారను మా గుమ్మం లోంచి కనబడేలా కట్టాడు. ఈయన పనికి వెళ్ళలేదు. తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చుని హారను వైపే చూస్తున్నారు. కాసేపటికి నా వైపు తిరిగి, "మొదలెట్టేరా?" అని అడిగారు.

ఒక పాట అయిపోయి, దానిలోంచి ఇంకో పాట వస్తోంది. మధ్యలో సందు లేదు.

ఇంకా లేదని తల అడ్డంగా ఊపాను.

సువర్ణ